సంతకం మాత్రం నాన్నది

జూన్ 4

అక్కా,

మీ పుస్తకాల లోకంలో కబుర్లేమిటని అడిగావు కదా, విను. మా దగ్గర అచ్చయ్యే ఒక కథకుడికి పదమూడు అంకె పడదు. తన పుస్తకంలో పదమూడో పేజీ ఉండటానికి వీల్లేదని పట్టుబట్టాడు. పన్నెండు తర్వాత పద్నాలుగు వేశాం. ఇప్పుడు కొన్నవాళ్ళంతా పేజీ ఊడిపోయిందని పుస్తకాలు వెనక్కి పంపుతున్నారు. ఇంకొకాయన ఇక నవలలు రాయనని మూడోసారి ప్రకటించాడు. పోయిన వారం ఒక కవి పుస్తకావిష్కరణకి వెళ్ళాను. ముఖ్య అతిథి రంగు కాగితం విప్పితే లోపల వేరే కవి పుస్తకం ఉంది. ఆయన అట్ట చూసుకోకుండా అరగంట పొగిడాడు. ఆ వేరే కవి సభలోనే ఉన్నాడు. లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టాడు.

అసలు కబురు ఇప్పుడు చెబుతున్నాను, కూర్చుని చదువు. నాన్న పాఠకులకి రాసిన జవాబుల్ని పుస్తకంగా వెయ్యడానికి మా యజమాని ఒప్పుకున్నాడు. సంపాదకత్వం నాకే అప్పగించాడు. "ఆయన దగ్గర్నుంచి జవాబు అందుకున్నవాళ్ళు నకళ్ళు పంపండి" అని పత్రికలో ప్రకటన వేస్తే నెల తిరక్కుండా మూడు వందల పన్నెండు వచ్చాయి! రోజూ ఆఫీసులో అందరూ వెళ్ళేదాకా కూర్చుని చదువుతున్నాను. కొడుకు పోయిన ఒక నర్సుకి ఏం రాశాడో చూడు: "మీ అబ్బాయి చెప్పులు గుమ్మంలోనే ఉంచానని రాశారు. ఉండనివ్వండి. తీసెయ్యమని ఎవరు చెప్పినా వినకండి. తీసే రోజు మీకే తెలుస్తుంది." నవలల్లో ఎక్కడా కనపడని నాన్న వీటిలో ఉన్నాడక్కా. ఇంట్లో కూడా కనపడలేదు ఈ మనిషి.

చివరి భాగంలో నేను హాస్టల్లో చేరినప్పట్నుంచీ నాన్న నాకు రాసినవి వేస్తాను. అన్నీ దాచుకున్నాను, నలభై ఒకటి ఉన్నాయి. నీ దగ్గర ఇంకేమైనా చిత్తు కాగితాలు ఉంటే పంపు.

నీ పిచిక


జూన్ 13

ఒసేయ్ పిచికా,

కథకుడి పదమూడో పేజీ సంగతి మా మందుల కౌంటర్లో చెబితే అందరూ నవ్వి నవ్వి అలిసిపోయారు. మా దగ్గరా ఒకాయన ఉన్నాడులే, నల్ల మాత్ర అయితే మింగనంటాడు.

నాన్న మోకాలు కాస్త నయం. పొద్దున వీధి చివరిదాకా నడిచి వస్తున్నాడు. పుస్తకం మాట నువ్వు ఫోన్లో చెప్పినప్పట్నుంచీ ఏ ఫొటో వెయ్యాలా అని అల్బమ్ ముందేసుకుని కూర్చున్నాడు. ఫోన్లో నీతో మాట్లాడదామనుకున్నాను గానీ, ఫోను హాల్లో ఆయన కుర్చీ పక్కనే ఉంది. చెవులు వినపడవంటాడు గానీ తన పేరు వస్తే గోడ అవతల్నుంచైనా వినపడుతుంది. అందుకే రాస్తున్నాను.

ఆ ఉత్తరాలు పుస్తకంగా అవసరమా అని నాకు అనిపిస్తోంది. రాసుకున్నవాళ్ళు తమ గోడు ఒక మనిషికి చెప్పుకున్నారు. బజారులో అమ్ముతారని తెలిస్తే చెప్పుకునేవాళ్ళు కాదు. సరే, వాళ్ళే పంపారంటున్నావు, వాళ్ళిష్టం. నీ హాస్టల్ ఉత్తరాలు మాత్రం వెయ్యొద్దు. ఎందుకని అడగొద్దు. నీ దగ్గరే ఉంచుకో. చిత్తు కాగితాలేవీ లేవు.

వేళకి తింటున్నావా? అందరూ వెళ్ళేదాకా ఆఫీసులో కూర్చోకు.

అక్క


జూన్ 20

అక్కా,

ఎందుకని అడగొద్దంటే అడగకుండా ఎలా ఉంటాను? రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచింది రాస్తాను, కోప్పడకు. నాన్న నీకెప్పుడూ ఉత్తరం రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు, నువ్వు ఎదురుగానే ఉన్నావు కనుక. నాకు నలభై ఒకటి రాశాడు. అది నీకు ఎక్కడో గుచ్చుకుంటోందేమో. గుచ్చుకుంటే తప్పేమీ లేదు. కానీ అందుకోసం వాటిని దాచిపెట్టమనడం న్యాయం కాదు.

అమ్మ పోయిన ఏడాదికే నన్ను హాస్టల్లో పడేశారు. పదమూడేళ్ళు నాకు. ఆ ఇనుప మంచం మీద నన్ను నిలబెట్టింది ఆ ఉత్తరాలే. లెక్కల్లో తప్పినప్పుడు వచ్చింది చూడు, నాకు కంఠతా వచ్చు: "ముప్ఫై రెండు మార్కులు వచ్చాయంటే ముప్ఫై రెండు మార్కుల లెక్కలు నీకు తెలుసన్నమాట. మిగతా మూడు మార్కులూ ఎంతసేపు, సెలవులకి రా, చూద్దాం." ఇది చదివి నేను వార్డెన్ ముందు పెద్దగా నవ్వేశాను. అంతమంది పాఠకులకి ఓదార్పు చెప్పిన మనిషి సొంత కూతురికి ఏం చెప్పాడో లోకం చూడొద్దా?

నాన్నని ఫోన్లో అడిగాను, అవి కూడా వెయ్యనా అని. "నీ ఇష్టం" అన్నాడు. కాబట్టి వేస్తున్నాను.

నీ చెల్లెలు


జూలై 2

పిచికా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది అయిదోది. చుట్టూ తిప్పకుండా చెప్పేస్తాను.

ఆ ఉత్తరాలు నేను రాశాను. అన్నీ. పాఠకులవీ, నీవీ.

అమ్మ ఉన్నప్పుడు పాఠకులకి జవాబులు అమ్మే రాసేదని నీకు తెలియదు. రెండేసి వాక్యాలు: "మీ అభిమానానికి కృతజ్ఞతలు, మీ కుటుంబానికి శుభాకాంక్షలు." నాన్న కింద సంతకం చేసేవాడు. అమ్మ పోయాక ఉత్తరాలు బల్ల మీద గుట్ట పడ్డాయి. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ గుట్ట నా మంచం మీద ఉంది. "ఏదో ఒకటి రాసెయ్యమ్మా, సంతకం పెడతాను" అన్నాడు. రోజూ డాక్టర్ల రాత చదివే దాన్ని, నాన్న రాత పట్టుకోవడం నాకు ఎంత పని? ఆయన అక్షరం కుడివైపు వాలుతుంది, నాది నిలువు. వారంలో వాలడం నేర్చుకున్నాను. ఏదో ఒకటి రాయలేకపోయాను. ఆ నర్సు చెప్పుల గురించి రాసింది చదివాక శుభాకాంక్షలని ఎలా రాస్తాను? ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు రాశాను. నాన్న ఒక్కటీ చదవలేదు. నేను అన్నానికి పిలిచేలోగా ఇరవై సంతకాలు చేసేసేవాడు.

నువ్వు హాస్టల్ నుంచి నాన్నకి ఏడు ఉత్తరాలు రాశావు. ఏడూ కళ్ళజోడు పెట్టె కింద ఉన్నాయి, విప్పకుండా. "పిల్ల సరిగా తినడం లేదు, పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతోంది" అని మీ వార్డెన్ నాకు కబురు చేసింది. నాన్నకి చెప్పాను. "నవల చివర్లో ఉన్నాను, నువ్వు చూడు" అన్నాడు. చూశాను. సెలవుల్లో నీకు లెక్కలు చెప్పింది ఎవరో గుర్తు తెచ్చుకో.

నువ్వు మొదటి ఉత్తరం అందుకున్నాక కడుపునిండా తిన్నావని వార్డెన్ మళ్ళీ రాసింది. ఆ తర్వాత ఆపడం నా వల్ల కాలేదు.

నీవి అచ్చులో వెయ్యకు. అంతే అడుగుతున్నాను. అని ఇక్కడ ముగించబోయాను గానీ అది కూడా అబద్ధమే అవుతుంది. పాతికేళ్ళ చాకిరీ అది. పుస్తకం మీద నా పేరు కూడా ఉంటే బాగుండునని నాకు ఉంది. ఈ వాక్యం రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా కొట్టెయ్యడం లేదు.

అక్క


జూలై 29

నీ ఉత్తరం అందింది. జవాబు ఇన్నాళ్ళు ఎందుకు ఇవ్వలేదో నీకు తెలుసు.

నమ్మలేదు. పేరు కోసం అల్లావనుకున్నాను. ఒప్పందం మీద సంతకానికి నాన్న ఇక్కడికి వచ్చాడు కదా, మా యజమాని గదిలో టీ తాగుతుండగా అడిగాను. "నాన్నా, లెక్కలు తప్పినప్పుడు నాకేం రాశావో గుర్తుందా?" అని.

"నేనా? నీకు రాసే పనులన్నీ పెద్దదే చూసుకునేది కదా" అన్నాడు. తడుముకోలేదు. తర్వాత అట్ట నమూనా చేతిలోకి తీసుకుని, "ఇందులో బుగ్గలు వేలాడుతున్నాయి, ఇంకో ఫొటో చూడు" అన్నాడు.

అంతే. పాతికేళ్ళు దాచుకున్నది టీ చల్లారేలోగా అయిపోయింది.

నువ్వు పెద్ద త్యాగం చేశాననుకుంటున్నావు. నాకు చేసింది ఏమిటో చెప్పనా? నాన్నకి నేను పట్టలేదని పదమూడేళ్ళప్పుడే తెలిసి ఉంటే ఆ వయసులోనే ఏడ్చి ఊరుకునేదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఇప్పుడు ఏడవమంటే ఎలా ఏడవను? పెళ్ళి మానుకోమని వచ్చిన ఉత్తరం చదివి మానుకున్నాను. ఈ ఉద్యోగంలో చేరమని వచ్చిన ఉత్తరం చదివి చేరాను. నాన్న మాట అనుకుని చేశాను. నీ మాట అని తెలిస్తే పోట్లాడేదాన్ని. అక్కతో పోట్లాడొచ్చు. నాకు పోట్లాడే అవకాశం కూడా లేకుండా చేశావు.

హాస్టల్ ఉత్తరాలు తీసేశాను. మిగతా పుస్తకం ప్రెస్సుకి వెళ్ళింది, నాన్న పేరుతోనే. సంతకం ఆయనదే కదా. ఈ అబద్ధం నీది. నువ్వే మొయ్యి.


సెప్టెంబర్ 17

పిచికా,

మొన్న పుస్తకావిష్కరణ సభ అయిదు గంటలకి. నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టారు, నాన్న చేతికర్ర నా ఒళ్ళో పెట్టారు. ఆయన వేదిక మీద నిలబడి, "ప్రతి పాఠకుడికీ నా చేత్తో రాశాను. సొంత రచన పక్కన పెట్టి మరీ రాశాను" అన్నాడు. హాలు హాలంతా చప్పట్లు. నువ్వు పక్క మెట్ల దగ్గర నిలబడి ఉన్నావు. నువ్వూ కొట్టావు. నేను చూశాను.

నాన్న అలా అంటాడని నాకు తెలుసు. ఆయన అబద్ధం ఆడుతున్నాననుకోడు. సంతకం చేసిందల్లా తను రాసిందే అనుకుంటాడు. ఆ మాట నన్ను ఏమీ చెయ్యలేదు. ఇంటికొచ్చి పుస్తకం విప్పాక కూలబడ్డాను. "ఈ ఉత్తరాలను భద్రపరచడంలో సహకరించిన మా అక్కకు కృతజ్ఞతలు." అచ్చులో, నీ పేరు మీద.

నేను భద్రపరచలేదే. రాసి పోస్టు చేశాను. మరో వాక్యం దొరకలేదా నీకు? ఏమీ రాయకుండా వదిలేస్తే నీకు తెలియదని సరిపెట్టుకునేదాన్ని. తెలిసి, కూర్చుని, మాటలు వెతికి, "సహకరించిన" అని రాశావు. మా కౌంటర్‌కి తరచూ వచ్చే ఒకావిడ పుస్తకం కొని తెచ్చుకుంది. నర్సు ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకుని, "మీ నాన్నగారి మనసు ఎంత మెత్తన!" అంది. అవునన్నాను. ఆవిడకి దగ్గు మందు ఇచ్చి పంపాను.

నాన్న నన్ను వాడుకున్నాడు, నేను వాడుకోనిచ్చాను. నువ్వు మాత్రం తెలిసి చేశావు.

అక్క


అక్టోబర్ 9

అక్కకి,

లేఖా సాహిత్యానికి ఇచ్చే ఈ ఏటి పురస్కారం నాన్న పుస్తకానికి ప్రకటించారు. రేపు పత్రికల్లో వస్తుంది. రెండో ముద్రణ అయిపోయింది, మూడోది మొదలవుతోంది. మా యజమాని రెండో సంపుటం అడుగుతున్నాడు. పురస్కారం చూసి వచ్చే కొత్త ఉత్తరాలకి జవాబులు కూడా ఉంటే మంచిదన్నాడు. నువ్వు రాస్తావో లేదో చెబితే ఆయనకి ఏదో ఒకటి చెబుతాను.

సభ సంగతి. నా పక్కన యజమాని నిలబడి ఉన్నాడు. చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యమంటావు? పరిగెత్తుకెళ్ళి మైకు లాక్కోమంటావా? పాతికేళ్ళు నువ్వు నోరు మూసుకుంటే సేవ, రెండు నెలలు నేను మూసుకుంటే ద్రోహమా?

"సహకరించిన" అన్న మాట కావాలనే రాశాను. నీకు తగలాలనే. తగిలింది కదా.


నవంబర్ 21

పిచికా,

నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. నిన్న ఒక సంగతి జరిగింది. అది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

మధ్యాహ్నం మూడింటికి ఒక ముసలాయన వచ్చాడు. రిటైరైన బడి మేష్టారు. పుస్తకంలో నూట పదో ఉత్తరం ఆయనకి రాసిందే, పేరు లేకుండా. పదిహేనేళ్ళుగా రాస్తున్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. చంకలో ఉత్తరాల కట్ట, గుడ్డలో చుట్టి. నాన్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చోబోతే బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టాను. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను, మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మీరు చెప్పినట్టే చేశానండీ" అన్నాడు మేష్టారు.

"దేని గురించి?" అన్నాడు నాన్న.

"అదేనండీ, మా వాడి సంగతి."

"మంచిది, మంచిది. పుస్తకం కొన్నారా?"

ఆయన నవ్వాడు. పెద్దవాళ్ళు పరాయివాళ్ళ ఇంటి సంగతులు పైకి అనరు కదా అనుకున్నట్టున్నాడు. ఆయన కొడుకు పద్దెనిమిదేళ్ళ కిందట ఇల్లు విడిచిపోయాడు. నలుగురి ముందు ఈయన కొట్టిన దెబ్బకి. ఆ సంగతి భార్యకి కూడా పూర్తిగా చెప్పలేదాయన, మనకే రాశాడు. "మీరే వెళ్ళి తలుపు తట్టండి, ఏమీ వివరించకండి, ఊరికే నిలబడండి" అని వేసవిలో రాశాను. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆర్నెల్లుగా ఆ తలుపు సంగతే నా మనసులో తిరుగుతోంది. టీ కప్పుతో గుమ్మంలోకి రాగానే నోరు జారింది.

"తలుపు తీశాడా మీ అబ్బాయి?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"ఆ మాట మీకెలా తెలుసమ్మా?"

"నేనే రాశాను కాబట్టి."

"ఏది?"

"అన్నీనండీ."

కోప్పడతాడనుకున్నాను. కాస్త మెచ్చుకుంటాడని కూడా ఆశపడ్డాను, నిజం దాచడమెందుకు. పాతికేళ్ళలో ఒక్కరైనా తెలుసుకున్నారు కదా అనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది.

"కోపం లేదమ్మా. సిగ్గుగా ఉంది. ఆయనలాంటి వారే క్షమించారు కదా అనుకుని ఇన్నేళ్ళు తిన్నాను, పడుకున్నాను. ఆయనకి నేనెవరో కూడా తెలియదన్నమాట" అన్నాడు.

గొడుగు తీసుకుని బయల్దేరాడు. కట్ట కుర్చీలోనే వదిలేశాడు. నేను చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి ఇవ్వబోయాను. తీసుకోలేదు. మలుపు దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరగకుండా, "తీశాడు" అన్నాడు. వెళ్ళిపోయాడు.

నువ్వు జూలైలో రాసినప్పుడు కాగితం మీద తిట్లే చదివాను, నీ ముఖం నాకు కనపడలేదు. నిన్న మేష్టారి ముఖం చూశాను. నీకు నేను చేసింది అదే. నీ కడుపు నిండింది కనుక మంచిపనే అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నీకు ఒక నాన్నని చేసి ఇచ్చాను, చేశానని చెప్పలేదు. పెళ్ళి సంగతిలో ఆ ఉత్తరం రాయడానికి నేనెవర్ని? నువ్వు దూరం వెళ్ళిపోతావని నాకు భయం. ఆ భయాన్ని నాన్న చేతిరాతలో పెట్టి పోస్టు చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా. నన్ను క్షమించమని అడిగే ధైర్యం లేదు.

సాయంత్రం నాన్నకి చెప్పాను, ఇకముందు నేను రాయనని.

"అయితే ఎవరు రాస్తారు?" అన్నాడు.

"నువ్వే."

"నాకవి చదివే ఓపిక ఉండదు, నీకు తెలుసు కదా" అన్నాడు. కోపంగా కాదు, ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టు. కొత్త ఉత్తరాలు అరవై దాకా ఉన్నాయి. ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

అక్క


డిసెంబర్ 5

అక్కా,

మేష్టారి సంగతి చదివి, మా యజమాని గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన నా ఎదుటే నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న కాదనలేదు. "రాసింది పెద్దదే. సంతకం నాదే. సంతకం ఎవరిదైతే పుస్తకం వాళ్ళది కాదూ?" అన్నాడు. యజమాని ఫోను పెట్టేసి, "రచయితకే అభ్యంతరం లేనప్పుడు నీకేమిటమ్మా?" అన్నాడు. మూడో ముద్రణ ఆపనన్నాడు. అయితే సంపాదకురాలిగా నా పేరు తీసెయ్యమన్నాను. అదొక్కటి వెంటనే తీసేశాడు, ఆలోచించుకోమని కూడా అనలేదు.

ఆ జవాబులు అసలు ఎవరు రాశారో చెబుతూ పత్రికకి అయిదు వాక్యాలు రాసి పంపాను. వేస్తారో లేదో తెలియదు. వేస్తే చాలామంది బాధపడతారు. ఆ నర్సు చదువుతుందేమోనని భయంగా ఉంది. వెయ్యకపోతే ఇంకా భయంగా ఉంటుంది. ఇక్కడ నాతో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. ఈ ఉద్యోగంలో ఎన్నాళ్ళుంటానో చెప్పలేను.

నలభై ఒకటీ బయటికి తీశాను. నాన్నవనుకుని చదివితే మండిపోతోంది. నీవనుకుని చదివితే ఒక్కోచోట నవ్వొస్తోంది, నవ్వొచ్చినందుకు ఇంకా మండుతోంది. పెళ్ళి ఉత్తరం మాత్రం చదవలేకపోయాను. నువ్వు భయపడ్డానని రాశావు. ఆ మనిషి నన్ను నిజంగా బాగా చూసుకునేవాడేమో. ఇప్పుడెవరికి తెలుసు? దానికి నీ దగ్గర జవాబు లేదు. నిన్ను క్షమించలేదు. "సహకరించిన" అన్నదానికి నన్ను నువ్వు క్షమించనక్కర్లేదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రావొద్దు. నాన్న కోసం రావడం లేదు. ఆయన హాల్లో ఉంటే ఉండనీ, వింటే విననీ. ఈ ఉత్తరాల్లో మనిద్దరం మరీ చక్కగా మాట్లాడతాం అక్కా, ఏ మాట ఎక్కడ పెడితే తగులుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఇంక రాయను. ఎదురుగా కూర్చుని, గొంతు పోయేలా పోట్లాడుకుందాం. పాతికేళ్ళది బాకీ ఉంది.

నీ చెల్లెలు